మూడడుగుల్లోనే జల తగిలే నేలలో సంపు: నీరు దిగకుండా, పెట్టె తేలకుండా కట్టడం ఎలా?

భీమవరం_సైటు

నమస్కారమండి. భీమవరం దగ్గర ఐదంతస్తుల అపార్ట్‌మెంటు పని. పక్క ఖాళీ జాగాలో మంచినీళ్ల సంపు కట్టాలి. లోపలి కొలత 6 మీటర్లు, 4 మీటర్లు, లోతు 2.5 మీటర్లు, అంటే 60 వేల లీటర్లు. ఇప్పుడు కాలవలు కట్టేసి ఉన్నాయి. అయినా మూడడుగులు తవ్వేసరికి జల తగులుతోంది. కాలవలు వదిలి వానలు మొదలైతే అడుగు లోతుకు వచ్చేస్తుంది. పైన సుమారు రెండు మీటర్లు నల్ల బంకమట్టి, దాని కింద సన్న ఇసుక కలిసిన ఒండ్రు. ఊట నీరు ఉప్పన.

కాంట్రాక్టరు చెప్పింది ఇది: అడుగు స్లాబు 300 మి.మీ., గోడలు 150 మి.మీ., పై స్లాబు 150 మి.మీ., అంతా ఎం20 (కాంక్రీటు బలాన్ని చెప్పే గ్రేడు). లోపల వాటర్‌ప్రూఫ్ లిక్విడ్ కలిపి రెండు కోట్లు ప్లాస్టరింగ్, బయట తారు పూత. గోడలు 250 మి.మీ. చేయమన్నాను, ఒప్పుకున్నారు.

నా సందేహాలు మూడు. పీసీసీ (ఊచలు లేకుండా అడుగున వేసే కాంక్రీటు పొర) మీద మంటపెట్టి అతికించే తారు మెంబ్రేన్ (నీటిని ఆపే షీటు) వేస్తే మంచిదా? గోతిలో నీరు తోడే మోటార్లు ఎప్పుడు ఆపొచ్చు? లిఫ్టు గొయ్యి ఇప్పటికే పోసేశారు. 1.5 మీటర్ల లోతు, గోడ మందం 200 మి.మీ. ఉంది. అడుగు, గోడ కలిసే చోట, రెండు టై రాడ్డు (సెంట్రింగ్ పలకలను బిగించే ఊచ) రంధ్రాల దగ్గర నీరు కారుతోంది. దాన్ని ఎలా ఆపాలి?

డిజైన్_టేబుల్

అన్నిటికన్నా ముందు ఈ సంపు తేలుతుందో లేదో చూడాలండి. మీ కొలతలతోనే లెక్క వేస్తాను.

250 మి.మీ. గోడలతో బయటి కొలత 6.5, 4.5 మీటర్లు, అంటే 29.25 చదరపు మీటర్లు. మొత్తం ఎత్తు 2.95 మీటర్లు. కాంక్రీటు అడుగుకు 8.8, గోడలకు 13.1, పై స్లాబుకు 4.4, కలిపి సుమారు 26.3 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు రెండున్నర టన్నుల చొప్పున బరువు 65.7 టన్నులు. వానాకాలంలో జల ఒక్క అడుగు లోతులో ఉన్నా కింద నుంచి నెట్టే బలం 29.25 × 2.65, అంటే 77.5 టన్నులు. పల్లపు ప్రాంతం కాబట్టి నీరు నేల మట్టానికి వచ్చిందనుకుంటే 86.3 టన్నులు.

అంటే సంపు ఖాళీ చేసి కడిగే రోజున పైకి లేస్తుంది. నాలుగు మూలలూ ఒకేలా లేవదు కాబట్టి పైపులు విరుగుతాయి, అడుగు స్లాబు పగులుతుంది. లోపలి నీళ్ల బరువును లెక్కలోకి తీసుకోకండి. సంపును ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ చేయక తప్పదు.

అడుగు స్లాబును మందం చేసి సరిపెడదామంటే కుదరదు. మందం పెరిగితే సంపు అంత లోతుకు దిగుతుంది, నెట్టుడూ పెరుగుతుంది. భద్రత కోసం నెట్టుడుకి 1.2 రెట్లు బరువు రావాలంటే ఇంకో మీటరు మందం కావాలి. చవకైన దారి అడుగు స్లాబును గోడ బయటికి నాలుగు వైపులా చాపడం. ఆ చూరు మీద కూర్చునే మట్టి సంపును పట్టి ఉంచుతుంది. నీటిలో మునిగిన మట్టికి ఘనపు మీటరుకు 0.8 టన్ను మాత్రమే లెక్కేశాను. 600 మి.మీ. చూరుతో నిలబెట్టే బరువు సుమారు 103 టన్నులు. నేల మట్టం దాకా నీరున్నా 1.2 రెట్లు వస్తుంది.

ఎం20 వద్దు. నీళ్లు నిలిపే కట్టడాలకు ఐఎస్ 3370 (భారత ప్రమాణం) ప్రకారం ఆర్‌సీసీకి (ఊచలున్న కాంక్రీటుకు) కనీసం ఎం30, నీరు–సిమెంటు నిష్పత్తి 0.45కు మించకూడదు, సిమెంటు ఘనపు మీటరుకు 320 కిలోలకు తగ్గకూడదు. ఉప్పునీరు కాబట్టి స్లాగ్ (ఇనుము కొలిమి చిట్టెం పొడి) కలిసిన సిమెంటు తీసుకోండి. సల్ఫేటు తట్టుకునే సిమెంటు వాడమని ఎవరైనా చెప్తే ముందు నీటి పరీక్ష చేయించండి. క్లోరైడు కూడా ఉన్నచోట ఆ సిమెంటు కన్నా స్లాగ్ పాలు 50 శాతం దాటిన సిమెంటు మేలు. స్టీలును లావు ఊచలు దూరదూరంగా కాకుండా సన్న ఊచలు దగ్గరదగ్గరగా, గోడకు రెండు ముఖాలా కట్టించండి. పగుళ్లు వచ్చినా వెంట్రుక పాటివే వస్తాయి. ఊచల లెక్క మాత్రం మీ స్ట్రక్చరల్ ఇంజినీరే వేయాలి.

గోతి_పని

మోటార్ల సంగతి నేను చెప్తానండి. రెండు మీటర్ల కింద సన్న ఇసుక ఉందన్నారు, మీ తవ్వకం మూడు మీటర్లు దాటుతుంది. గోతి మూలలో చిన్న గుంట తీసి అందులో మోటారు పెట్టి తోడితే ఊట అడుగు నుంచి ఇసుకను లేపుకుంటూ వస్తుంది. అడుగు ఉడుకుతున్న అన్నంలా బుడబుడలాడుతుంది, కాలు పెడితే దిగబడుతుంది. అలా మెత్తబడిన నేల మీద పీసీసీ వేసినా తర్వాత కుంగుతుంది. పక్క ఇంటి పునాది కింద ఇసుక కూడా మెల్లగా ఈ గోతిలోకి వచ్చేస్తుంది.

ఇలాంటి నేలకు వెల్ పాయింట్లే (కింద జల్లెడ ఉండి, పంపుతో నేలలోని నీటిని పీల్చే సన్న గొట్టాలు) సరైనవి. గోతి చుట్టూ మీటరు నుంచి మీటరున్నర ఎడంగా, తవ్వకం అడుగుకన్నా కనీసం మీటరు లోతుకు దించాలి. చుట్టూ ముతక ఇసుక పోయాలి, లేకపోతే జల్లెడ పూడిపోతుంది. తవ్వడానికి రెండు మూడు రోజుల ముందే నడపడం మొదలుపెట్టి, జలను పీసీసీ అడుగుకన్నా అర మీటరు కిందికి దించాక చివరి పొర తవ్వండి. బయటికి వచ్చే నీటిని తెల్ల బకెట్‌లో పట్టి పది నిమిషాలు ఉంచండి. అడుగున ఇసుక పేరుకుంటే ఆ పాయింటు ఆపేసి సరిచేయాలి. మొదట కొద్దిసేపు మడ్డి రావడం మామూలే, రోజంతా వస్తే ప్రమాదం.

ఒక మోటారు నడుస్తుంటే ఇంకోటి సిద్ధంగా ఉండాలి, జనరేటర్ ఉండాలి. గోతిలోని ప్రతి కరెంటు లైనుకూ 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. తడిలో మనుషులు పనిచేస్తారు, ఇందులో రాజీ పడకండి.

ఎప్పుడు ఆపొచ్చంటే, పై స్లాబు పోసి, చుట్టూ మట్టి పూర్తిగా నింపి దట్టించాకే. చూరు లేని మీ పాత డిజైనులో గోడలయ్యి పై స్లాబు లేని రోజున బరువు సుమారు 55 టన్నులు. నీరు అడుగు నుంచి 1.9 మీటర్లకు చేరితే లేచిపోతుంది. చాలా సంపులు తేలేది పని సగంలో ఉన్న ఈ రోజుల్లోనే. అందుకే అడుగు స్లాబులో 100 మి.మీ. ఇనప పైపు ఒకటి నిలబెట్టండి, చుట్టూ పడిల్ ఫ్లాంజ్ (పైపు వెంట నీరు జారకుండా అడ్డే ఇనప పళ్లెం) వెల్డింగ్ చేయించి, కింద కంకర ఫిల్టర్ పెట్టి. మోటార్లు ఆగినా ఊట దానిగుండా లోపలికి వస్తుంది, పెట్టె మీద ఒత్తిడి పడదు. అన్నీ అయ్యాక దాన్ని ప్లేటు, గ్యాస్కెట్ పెట్టి బిగించి, పైన కుంచించుకుపోని గ్రౌటుతో మూసేయాలి. గోడలు గట్టిపడ్డాక అత్యవసరమైతే సంపులోకే మంచినీళ్లు వదిలి బరువు పెంచొచ్చు.

కాంక్రీటు_రోజు

పై ఇద్దరూ చెప్పాక మిగిలేది పోత. నీరు కారేది ఎక్కువగా నాలుగు చోట్ల: అడుగు–గోడ జాయింటు, టై రాడ్డు రంధ్రాలు, పైపులు దూరే చోట్లు, తేనెపట్టు పడ్డ (కాంక్రీటు సరిగ్గా దట్టం కాక గుల్లలు మిగిలిన) చోట్లు. ఈ నాలుగూ పోత రోజున మన చేతిలోనే ఉన్నాయి.

అడుగు స్లాబుతో పాటే 150 మి.మీ. ఎత్తు కిక్కర్ (గోడ మొదటి భాగం) ఒకే పోతలో పోయాలి. తర్వాత విడిగా వేసే కిక్కర్‌తో ఉపయోగం లేదు. ఆ ఎత్తు ఎందుకంటే జాయింటులో నీటిని అడ్డే 230 మి.మీ. పీవీసీ పట్టీ, అంటే వాటర్ బార్‌లో సగం కిక్కర్‌లో, సగం పై గోడలో ఉండాలి. కిక్కర్ లేకుండా పెడదామంటే అడుగు స్లాబు పై ఊచల జాలీ అడ్డు తగులుతుంది, మేస్త్రీ బార్‌ను వంచేస్తాడు. బార్ అంచుల్లో ఉండే కళ్లకు బైండింగు వైరుతో అడుగుకొకచోట ఊచలకు కట్టాలి, మధ్యలో మేకు కొట్టకూడదు. ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి వేసి వదిలేస్తారు, అది అతుకు కాదు. వేడి బ్లేడుతో కరిగించి కలపాలి. మూలల ముక్కలు ముందే చేయించి తెచ్చుకుంటే సులువు.

గోడ పోసే ముందు కిక్కర్ పైభాగాన్ని దగ్గరగా చూడండి. పైకి తేలిన సిమెంటు పాలు ఆరి, సున్నం లాంటి పొర కడుతుంది. గోటితో గీరితే పొడి రాలుతుంది. ఆ పొర మీద పోస్తే రెండు కాంక్రీటుల మధ్య పొడి మిగిలినట్టే, నీరు వచ్చేది సరిగ్గా ఆ గీతలోంచే. కంకర కనబడేదాకా చిప్పింగ్ చేసి, గాలితో ఊది, తడిపి, నిలిచిన నీరు తీసేయండి. అడుగు పోశాక నెలలు ఆగకుండా వీలైనంత త్వరగా గోడ పోయాలి. పాత అడుగు కొత్త గోడను కుంచించుకోనివ్వదు, అందుకే గోడలో నిలువు పగుళ్లు వస్తాయి.

సెంట్రింగ్‌కు పీవీసీ పైపు తొడిగిన టై రాడ్డు వద్దు. రాడ్డు లాగేశాక గోడ ఈ వైపు నుంచి ఆ వైపుకు ఖాళీ గొట్టం మిగులుతుంది. మీ లిఫ్టు గొయ్యిలో జరిగింది అదే అయ్యుంటుంది. మధ్యలో చదరపు ప్లేటు వెల్డింగ్ చేసిన రాడ్డు, రెండు చివర్ల ప్లాస్టిక్ కోన్లు వాడండి. కోన్ తీసి, రాడ్డును లోపలికి కోసి, గుంతను మోర్టారుతో దట్టించాలి. పైపులన్నీ పడిల్ ఫ్లాంజ్‌తో పోతకు ముందే పెట్టాలి. తర్వాత గోడకు కన్నం కొట్టి పైపు దూర్చడమంటే కోరి లీకు తెచ్చుకోవడమే. కవర్ బ్లాకులు (ఊచలకు, సెంట్రింగ్‌కు మధ్య ఎడం ఉంచే దిమ్మలు) కాంక్రీటువే కావాలి, మట్టి తగిలే వైపు 50 మి.మీ. మందం ఉండాలి. వాటి బదులు కంకర రాయి, చెక్క ముక్క పెడితే అదే నీటికి దారి.

సైటు మిక్సరు అయితే 50 కిలోల బస్తాకు మొత్తం నీరు 22.5 లీటర్లే. అందులో ఇసుకలో ఉన్న తడి కూడా కలిసి ఉంటుంది. బస్తాకు సుమారు 100 కిలోల ఇసుక పడితే, అది 5 శాతం తడిగా ఉంటే 5 లీటర్లు అప్పటికే వచ్చేసినట్టు. జారుడు కోసం సూపర్ ప్లాస్టిసైజర్ వేయండి, బకెట్ నీళ్లు కాదు. ఊట నీటితో కలపకండి, ఆ నీళ్లు క్యూరింగుకూ వద్దు. ఆర్‌సీసీ కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని ఐఎస్ 456 చెప్తుంది. గోడను అరమీటరు పొరలుగా నింపుతూ, ప్రతి పొరలో వైబ్రేటర్ నీడిల్‌ను కింది పొరలోకి కొంచెం దించాలి. ఒకటిన్నర మీటరుకు మించి పైనుంచి వదలకండి, గొట్టం వాడండి. గోడ మధ్యలో పని ఆపితే ఇంకో జాయింటు వచ్చినట్టే, కాబట్టి 13 ఘనపు మీటర్లూ ఒకే రోజున పూర్తయ్యేలా మనుషుల్ని, రెండు వైబ్రేటర్లను పెట్టుకోండి. 14 రోజులు తడి గోనెలు ఆరకుండా చూడండి.

పొర_పని

మెంబ్రేన్ ప్రశ్నకు జవాబు. మంటపెట్టి అతికించే తారు మెంబ్రేన్ మంచి సరుకే, కానీ ఆరిన, ప్రైమర్ కొట్టిన పీసీసీ మీదే అతుకుతుంది. మీ గోతిలో పీసీసీ ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. మంట తగలగానే ఆ చెమ్మ ఆవిరై కింద బుడగలు కడుతుంది. అలా అతకని చోట ఒక్క చిల్లు పడినా నీరు మెంబ్రేన్ కింద, పైన పాకి ఎక్కడో దూరాన కాంక్రీటులోంచి బయటపడుతుంది. చిల్లు ఎక్కడుందో కనిపెట్టే దారి ఉండదు.

డబ్బు పెట్టగలిగితే అడుగు కింద 1.2 మి.మీ. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు వేయండి, కాంక్రీటుకు తానే అతుక్కునే రకం. పీసీసీ మీద జిగురు ముఖం పైకి ఉండేలా పరిచి, దాని మీదే ఊచలు కట్టి పోస్తారు. తడి నేలకు సరిపడుతుంది, షీటు వెనక నీరు పాకదు. బెంటొనైట్ (నీటికి ఉబ్బే బంకమట్టి) చాప కూడా తడికి తట్టుకుంటుంది గానీ మీది ఉప్పునీరు. మామూలు బెంటొనైట్ ఉప్పునీటిలో సరిగ్గా ఉబ్బదు, దానికి వేరే రకం అడిగి తెచ్చుకోవాలి. జాయింట్లలో పెట్టే ఉబ్బే పట్టీలకూ ఇదే మాట. పైగా ఆ పట్టీ పోతకు ముందు వానలో తడిస్తే అక్కడే ఉబ్బిపోయి తర్వాత పనికిరాదు. అంచు నుంచి 75 మి.మీ. అయినా లోపలికి లేకపోతే ఉబ్బే బలానికి కాంక్రీటు అంచు ఊడిపోతుంది.

నాపరాళ్లను అడుగునా గోడల చుట్టూ పెట్టెలా పేర్చే బాక్సు పద్ధతి మీకు ఎవరైనా చెప్పొచ్చు. తాండూరు, షాబాదు రాళ్లు దొరికే చోట దానికి అలవాటుపడ్డ పనివాళ్లు ఉన్నారు. ఇక్కడ రాళ్లు కూడా రవాణా చేసుకోవాలి, ప్రతి రాతి సందూ ఒక జాయింటే. ఈ సంపుకు నేను దాన్ని ఎంచుకోను.

ఈ సైజుకు నా సలహా: కాంక్రీటులోనే క్రిస్టలైన్ మందు (తడి తగిలితే స్ఫటికాలు కట్టి సందులు పూడ్చేది), కంపెనీ షీటు చెప్పిన మోతాదులో, మామూలుగా సిమెంటు బరువులో 1 శాతం దగ్గర ఉంటుంది. బయట గోడకు పాలిమర్ సిమెంటు పూత రెండు చేతులు, దాని మీద రక్షణ బోర్డు, తర్వాతే మట్టి. బోర్డు లేకుండా రాళ్లున్న మట్టి తోస్తే పూత గీసుకుపోతుంది. తీసిన బంకమట్టిని మళ్లీ నింపకండి, గ్రావెల్ తెప్పించి 200 మి.మీ. పొరలుగా దట్టించండి. డిజైన్‌లో చూరు మీది మట్టి బరువును నమ్ముకున్నాం కాబట్టి ఈ నింపుడు కూడా స్ట్రక్చరు పనే.

కాంక్రీటు_రోజు

ఒక మాట కలుపుతానండి. క్రిస్టలైన్ మందు వెంట్రుక పగుళ్లను పూడుస్తుంది, తేనెపట్టును పూడ్చదు. మందు వేశాం కదా అని వైబ్రేటర్ దగ్గర సడలిస్తే ఆ ఖర్చు దండగ.

పొర_పని

ఒప్పుకుంటాను. మంచి పోత ఉన్నచోటే మందు పనిచేస్తుంది.

భీమవరం_సైటు

అందరికీ ధన్యవాదాలండి. ఒక చిక్కు ఉంది. ప్రహరీ వైపు 450 మి.మీ. మించి జాగా లేదు. 600 చూరు కుదరదు. లిఫ్టు గొయ్యి గురించి కూడా ఎవరైనా చెప్పండి.

డిజైన్_టేబుల్

అయితే సంపునే 450 మి.మీ. పైకి లేపండి. పై స్లాబు నేల మట్టానికి 450 మి.మీ. పైన ఉంటుంది, నేలలో ఉండే లోతు 2.5 మీటర్లకు తగ్గుతుంది. నేల మట్టం దాకా నీరున్నా నెట్టుడు 73 టన్నులే. 450 చూరుతో నిలబెట్టే బరువు 89 టన్నులు, 1.2 రెట్లు దాటింది. వీధిలో నీరు నిలిచినప్పుడు మూతలోంచి మురుగు దిగదు, అది ఇంకో లాభం. చూరు నాలుగు వైపులా ఒకేలా ఉంచండి. ప్రహరీ పునాది పక్కనే తవ్వుతారు కాబట్టి ముందు సరుగుడు బాదులు దగ్గరదగ్గరగా దిగేసి, పలకలతో ఆపు కట్టాకే తవ్వకం.

ఇంజెక్షన్_పంపు

లిఫ్టు గొయ్యికి లోపల ప్లాస్టరింగ్ చేయించకండి. నీరు వెనక నుంచి నెడుతుంది, ప్లాస్టరు ఉబ్బి డొల్లవుతుంది. ఎపాక్సీ పెయింటు కూడా తడి గోడ మీద పొక్కులు పొక్కి ఊడుతుంది.

జాయింటు వెంట అడుగు స్లాబు నుంచి 100 మి.మీ. ఎత్తులో గోడకు 45 డిగ్రీల వాలుతో కిందికి రంధ్రాలు వేయాలి. గోడ 200 మి.మీ. కాబట్టి రంధ్రం సరిగ్గా గోడ మధ్యలో జాయింటును తాకుతుంది, పొడవు సుమారు 140 మి.మీ. ఉంటుంది. రంధ్రాలు 250 మి.మీ. ఎడంగా ఒక్కోటి. ముందు ఊచ తగలకుండా డిటెక్టర్‌తో చూసుకోండి. దుమ్ము కడిగి ప్యాకర్లు (రెసిన్ ఎక్కించే నాజిళ్లు) బిగించి, జాయింటు పైన త్వరగా గట్టిపడే సిమెంటు ప్లగ్గుతో మూసేయాలి. ఎక్కువ కారే ఒక్క చోట గొట్టం పెట్టి నీటికి దారి వదలండి. అన్నీ ఒకేసారి మూస్తే ఒత్తిడి పెరిగి ప్లగ్గులన్నీ ఊడతాయి.

తర్వాత నీటిని వికర్షించే పీయూ (పాలియూరెథేన్) ఫోమ్‌ను ఒక చివర నుంచి తక్కువ ఒత్తిడితో ఎక్కించడం మొదలుపెట్టండి. పక్క ప్యాకర్‌లోంచి రెసిన్ బయటికి రాగానే అక్కడికి మారండి. ఫోమ్ పారే నీటిని ఆపుతుంది, కానీ అది నురగ మాత్రమే. దానితోనే వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ చెమ్మ కడుతుంది. అదే ప్యాకర్లలోంచి నురగ రాని పీయూ రెసిన్ రెండో విడత ఎక్కించాలి. చాలామంది ఈ రెండో విడత ఎగ్గొడతారు, మీరు దగ్గరుండి చేయించండి. ఎపాక్సీ ఇంజెక్షన్ ఆరిన పగుళ్లకు మాత్రమే.

టై రాడ్డు రంధ్రాల్లో పీవీసీ పైపు ఉంటే దాన్ని డ్రిల్లుతో పూర్తిగా తీసేయాలి. పైపు వదిలి లోపల మాత్రం నింపితే నీరు పైపు బయటి వైపున జారుతుంది. నోరు చిన్నగా, లోపల వెడల్పుగా ఉండేలా 25 మి.మీ. లోతు చెక్కి ప్లగ్గు దట్టించండి. గోడ మధ్యకు ఒక ప్యాకర్ పెట్టి పీయూ ఎక్కించాలి.

మర్నాడు ప్యాకర్లు తీసి రంధ్రాలు మూసి, గోడలు గరుకు చేసి, బాగా తడిపి క్రిస్టలైన్ స్లర్రీ రెండు చేతులు, ఒక్కో చేతికి చదరపు మీటరుకు ముప్పావు కిలో. మూడు రోజులు నీళ్లు చిలకరించాలి. జల పైకొచ్చే కాలం దాకా దాని మీద ఏ పూతా వేయకుండా చూడండి. ఇంకేమైనా చెమ్మ ఉంటే అప్పుడే కనబడుతుంది.

సంపు లోపల కూడా తాగునీటికి పనికొచ్చే సిమెంటు ఆధారిత పూతే వేయండి. మూసిన సంపులో పూత పనికి దిగే మనిషికి గాలి ఊదే ఫ్యాను, పైన తాడు పట్టుకుని ఇంకో మనిషి ఉండాల్సిందే. సెప్టిక్ ట్యాంకును వీలైనంత దూరంగా పెట్టండి. ఇక్కడ సంపుకు లీకు ఉంటే నీరు బయటికి పోవడం చిన్న నష్టం, చుట్టూ ఉన్న మురుగు లోపలికి రావడమే పెద్దది.

భీమవరం_సైటు

అర్థమైందండి. నీళ్ల పరీక్ష మట్టి నింపకముందా, తర్వాతా?

కాంక్రీటు_రోజు

రెండుసార్లూ అండి. మట్టి నింపకముందు, మోటార్లు నడుస్తుండగానే, రోజుకు మూడో వంతు చొప్పున నింపి, ఏడు రోజులు నాననిచ్చి, తర్వాత ఏడు రోజులు మట్టం గుర్తు పెట్టండి. లోపలే ఒక బకెట్ నీళ్లు పెడితే ఆవిరైంది ఎంతో తెలుస్తుంది. బయట గోడ మీద చెమ్మ మచ్చ కనబడితే అప్పుడే చాక్‌తో గీయండి, బయట పూత దాని తర్వాతే. రెండోసారి మట్టి నింపి, పై స్లాబు పోసి, వెల్ పాయింట్లు తీసి, జల పూర్తిగా పైకి వచ్చాక సంపు ఖాళీ చేసి లోపల టార్చి వేసి చూడండి. రెండో పరీక్ష కాలవలు వదిలాక పెట్టుకోండి, లోపలి పూత ఆ తర్వాత చేయించండి.